మొదటి గిటార్: నైలాన్ తీగలా, స్టీల్ తీగలా, ఎలక్ట్రిక్కా?

గిటార్ కొనడానికి షాపుకి వెళ్లినవాళ్లు సాధారణంగా అడిగే మొదటి మాట "నేర్చుకోడానికి ఏది తేలిక?" అని. షాపువాళ్లు ఏదో ఒకటి చూపించి ఇదే తేలిక అంటారు, మీరు కొనేస్తారు. రెండు నెలలకి అది అలమారా పక్కకి చేరుతుంది. అడగాల్సిన ప్రశ్న వేరు. ఆరు నెలల తర్వాత మీ చేతుల్లోంచి ఎలాంటి శబ్దం రావాలి? రకాన్ని తేల్చేది అదే. ఇక తేలికా కష్టమా అన్నది చాలావరకు మీరు చేతిలోకి తీసుకున్న ఆ ఒక్క గిటార్ సెటప్‌ని బట్టి ఉంటుంది. తీగలు ఫ్రెట్ల మీద ఎంత ఎత్తున ఉన్నాయి, నెక్ సరిగ్గా ఉందా అన్నవే అందులో ముఖ్యం. నెక్ అంటే ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి కాడ, ఫ్రెట్లు అంటే దాని మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు. అదెలా చూడాలో కింద వివరంగా ఉంది. ముందు రకాల సంగతి.

మన షాపుల్లో వాడే పేర్లు కొత్తవాళ్లని కాస్త తికమక పెడతాయి. బాక్స్ గిటార్ అంటే లోపల బోలుగా ఉండే అకౌస్టిక్. లీడ్ గిటార్ అంటే ఎలక్ట్రిక్. స్పానిష్ అంటే మామూలుగా ఒళ్లో నిలబెట్టి వాయించేది. హవాయన్ అంటే ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద స్టీలు కడ్డీ జార్చి వాయించేది. ఈ చివరిదానితోనే జాగ్రత్త. పాత సామాన్లలో చవగ్గా దొరుకుతుంది, చూడ్డానికి మామూలు గిటార్‌లాగే ఉంటుంది. కానీ నట్ (తలభాగం దగ్గర తీగలు ఆనే పట్టీ) ఎత్తుగా ఉంటుంది కాబట్టి తీగలు ఫ్రెట్లకి చాలా దూరంగా ఉంటాయి. వేలితో నొక్కి వాయించడం కుదరదు.

ఆన్‌లైన్‌లో 38 ఇంచులు, 41 ఇంచులు అని రాసేది గిటార్ మొత్తం పొడవు. 39 అంటే సాధారణంగా పెద్దవాళ్ల క్లాసికల్ సైజు, 41 అంటే డ్రెడ్‌నాట్ అనే వెడల్పాటి ఆకారం, 40 అంటే దానికంటే కాస్త చిన్న శరీరం. 38 ఇంచులవి ఎక్కువగా మూడు నాలుగు వేల లోపు దొరికే చవక గిటార్లు. బ్యాగు, పిక్కులు (తీగలు మీటే చిన్న బిళ్లలు), కాపో (నెక్ మీద అడ్డంగా బిగించి తీగలన్నిటినీ నొక్కే క్లిప్పు), బెల్టు, అదనపు తీగలు అన్నీ ఉచితం అని ఊరిస్తాయి. కానీ వాటిలో చాలావాటికి నెక్ లోపల ట్రస్ రాడ్ ఉండదు. ట్రస్ రాడ్ అంటే నెక్ వంపుని సర్దడానికి లోపల పెట్టే ఇనుప కడ్డీ. అది లేని నెక్ ఒక ఎండాకాలానికో, ఒక వానాకాలానికో వంగితే సర్దడానికి దారి ఉండదు.

స్టీల్ తీగల అకౌస్టిక్

జి, సి, డి, ఇ మైనర్ లాంటి కోర్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) పట్టి, పిక్‌తో స్ట్రమ్ చేస్తూ, అంటే తీగలన్నిటినీ కిందికీ పైకీ మీటుతూ, పాడుకోవాలన్నదే కోరిక అయితే ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు, ఇదే కొనండి. సినిమా పాటలు, చర్చి పాటలు, స్నేహితుల మధ్య కూర్చుని పాడుకునే పాటలు అన్నిటికీ సరిపోతుంది. కరెంటు అక్కర్లేదు, ఆంప్ (శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె) అక్కర్లేదు. పదిమందికి బాగా వినిపిస్తుంది.

దీనికి పెట్టే వెల వేళ్ల నొప్పి. 12 నుంచి 53 గేజ్ సెట్ వేసి శ్రుతి చేస్తే ఆరు తీగల మొత్తం బిగువు 70 కిలోలు దాటుతుంది. గేజ్ అంటే తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్తారు. అంత బిగువున్న సన్నటి ఉక్కు తీగని మెత్తటి వేలికొసతో నొక్కితే మొదటి రెండు మూడు వారాలు మండుతుంది. ఆ తర్వాత చర్మం గట్టిపడుతుంది. అయితే కొత్తవాళ్లు ఆ మంటంతా భరించనక్కర్లేదు. షాపులోనే 10 లేదా 11 తో మొదలయ్యే సెట్ వేయించుకోండి, శబ్దం కొంచెం పలచబడుతుంది గానీ వేళ్లు బతుకుతాయి. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆరు తీగలనీ ఒక స్వరస్థానం కిందికి శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్‌లో కాపో పెట్టండి. బిగువు దాదాపు 11 శాతం తగ్గుతుంది, శ్రుతి మామూలు స్థాయికే వస్తుంది, పైగా నట్ ఎత్తుగా ఉండడం వల్ల మొదటి ఫ్రెట్ల దగ్గర వచ్చే ఇబ్బంది కూడా పోతుంది.

శరీరం ఆకారం గురించి షాపులో ఎవరూ చెప్పరు, కానీ కూర్చుని వాయించే మనిషికి అది చాలా ముఖ్యం. 1916లో అమెరికాలో మార్టిన్ కంపెనీ డిట్సన్ సంస్థ కోసం చేసిన వెడల్పాటి గిటార్‌కి బ్రిటిష్ యుద్ధనౌక డ్రెడ్‌నాట్ పేరు పెట్టారు. ఇవాళ గోడకి వేలాడేవాటిలో ఎక్కువ భాగం ఆ ఆకారమే. కింది భాగంలో దాదాపు 12 సెంటీమీటర్ల లోతు ఉంటుంది. పొడగరులకి, గట్టిగా స్ట్రమ్ చేసేవాళ్లకి బాగుంటుంది. ఐదడుగుల చుట్టుపక్కల ఎత్తున్నవాళ్లు దాన్ని ఒళ్లో పెట్టుకుంటే కుడి భుజం పైకి లేచిపోతుంది, అరగంటకే మెడ పట్టేస్తుంది. అలాంటివాళ్లు డ్రెడ్‌నాట్ కంటే చిన్నవైన కాన్సర్ట్ లేదా ఓఎం ఆకారం అడగాలి. ఉదాహరణకి యమహాలో ఎఫ్‌జీ800 డ్రెడ్‌నాట్ తరహా, తీగ పొడవు 650 మి.మీ. ఎఫ్ఎస్800 చిన్న శరీరం, తీగ పొడవు 634 మి.మీ. పదహారు మి.మీ. తేడా కాగితం మీద చిన్నదే. కానీ తీగ పొట్టిదైతే అదే శ్రుతికి బిగువు తగ్గుతుంది, ఫ్రెట్లు దగ్గరవుతాయి, సి కోర్డుకి ఉంగరపు వేలు చాచడం తేలికవుతుంది.

పికప్ (తీగల శబ్దాన్ని కేబుల్ ద్వారా ఆంప్‌కో, మైకు సెట్‌కో పంపే పరికరం) బిగించిన ఎలక్ట్రో అకౌస్టిక్ సంగతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. రాబోయే ఏడాదిలో స్టేజీ మీదో, చర్చిలోనో మైకు సెట్‌కి కలిపి వాయించాల్సిన అవసరం ఖాయంగా ఉంటేనే తీసుకోండి. లేకపోతే అదే ధరకి పికప్ లేని, ఇంకాస్త మంచి గిటార్ వస్తుంది. పికప్ తర్వాత ఎప్పుడైనా పెట్టించుకోవచ్చు. ఇప్పటికే ఉన్నవాళ్లు కేబుల్‌ని గుచ్చి వదిలేయకండి. చాలావాటిలో జాక్ గుచ్చి ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

నైలాన్ తీగల క్లాసికల్

వేళ్లతో మీటే మెత్తటి, గుండ్రటి నాదం కావాలంటే ఇది. ఇళయరాజా పాటల్లో పల్లవికి ముందు వినిపించే సున్నితమైన గిటార్ మీకిష్టమైతే, మీ చెవి అడుగుతున్నది ఇదే కావచ్చు. మద్రాసు సినీ ఆర్కెస్ట్రాల్లో ఆయన గిటార్ వాయించినవారే.

వేళ్లకి మెత్తగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకి క్లాసికలే మంచిదని చాలామంది చెప్తారు. సగం నిజం. తీగల బిగువు స్టీల్ సెట్‌లో దాదాపు సగమే, 40 కిలోల లోపు. కానీ నెక్ వెడల్పు నట్ దగ్గర 52 మి.మీ. ఉంటుంది. స్టీల్ గిటార్‌కి అక్కడ ఉండేది 43 లేదా 44. పైగా ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్లు బిగించిన నెక్ ముందుభాగం) బల్లపరుపుగా ఉంటుంది. చూపుడు వేలితో తీగలన్నిటినీ ఒకేసారి నొక్కాల్సిన ఎఫ్ బార్ కోర్డు చిన్న చేతులకి ఇక్కడ ఇంకా కష్టం, బొటనవేలిని పైనుంచి చుట్టి ఆరో తీగని నొక్కే చిట్కా అసలు పనికిరాదు. లావు వేళ్లున్నవాళ్లకి మాత్రం ఈ వెడల్పే వరం, పక్క తీగకి తగలకుండా కోర్డు శుభ్రంగా వస్తుంది. నెక్ శరీరాన్ని కలిసేది 12వ ఫ్రెట్ దగ్గర, కాబట్టి పై స్వరాలకి చెయ్యి తేలిగ్గా వెళ్లదు. ఎన్నో ఫ్రెట్టో గుర్తుపట్టడానికి ముందువైపు చుక్కలు ఉండవు, పక్కన చిన్న గుర్తులుంటే అదృష్టం.

పిక్ పట్టి గట్టిగా స్ట్రమ్ చేస్తే దీని శబ్దం బొదబొదలాడుతుంది. కుడిచేతి గోళ్లు కాస్త పెంచి, వేళ్లతో మీటితేనే అసలు రుచి. రోజూ చేత్తో మోటు పని చేసేవాళ్లకి గోళ్లు నిలవవు, ఇది కూడా లెక్కలో పెట్టుకోండి. కాపో కొనేటప్పుడు ఫ్లాట్ ఫ్రెట్‌బోర్డుకి పనికొచ్చేది అని అడిగి తీసుకోండి, మామూలు వంపు కాపో మధ్య తీగల్ని సరిగ్గా నొక్కదు.

ఒక తప్పు మాత్రం దీని మీద పదేపదే జరుగుతుంటుంది. తీగ తెగినప్పుడు ఇంటి పక్క షాపులో దొరికిన స్టీల్ సెట్ తెచ్చి వేసేస్తారు. క్లాసికల్ గిటార్ పైపలక లోపలి పట్టీలు పలచగా, విసనకర్ర ఊచల్లా ఉంటాయి. అవి 40 కిలోల లోపు బిగువు కోసం పెట్టినవి. దాదాపు రెట్టింపు బిగువు పడగానే పైపలక పొట్టలా ఉబ్బుతుంది, బ్రిడ్జి (తీగల కింది కొసల్ని పైపలకకి పట్టి ఉంచే పట్టీ) వెనక అంచు ఊడడం మొదలవుతుంది, నెక్ వంగుతుంది. స్టీల్ గిటార్‌కి నైలాన్ వేస్తే విరగదు గానీ శబ్దం రాదు.

కొత్త నైలాన్ తీగలు వారం పది రోజులు సాగుతూనే ఉంటాయి. రోజుకి నాలుగైదు సార్లు శ్రుతి దిగిపోతే గిటార్ పాడైందనుకుని షాపుకి పరుగెత్తకండి.

గ్రేడ్ పరీక్షలు రాయించే టీచర్ దగ్గర చేరుతుంటే కొనేముందు ఆయన్నే అడగండి. ట్రినిటీ కాలేజ్ లండన్‌లో క్లాసికల్ గిటార్‌కి ఒక సిలబస్, అకౌస్టిక్‌కి వేరొకటి, రాక్ అండ్ పాప్‌కి ఇంకొకటి ఉన్నాయి. ఒకదానికి తయారై ఇంకో గిటార్‌తో వెళ్తే కుదరదు.

ఎలక్ట్రిక్

"ముందు అకౌస్టిక్ మీద చెయ్యి తిరగాలి, తర్వాతే ఎలక్ట్రిక్" అన్న మాట ఊరూరా వినిపిస్తుంది. దానికి ఆధారం లేదు. నొక్కడం విషయంలో మూడింటిలోకీ తేలికైనది ఎలక్ట్రికే. 9 నుంచి 42 గేజ్ సెట్ బిగువు కూడా 40 కిలోల లోపే, అంటే ఇంచుమించు నైలాన్‌తో సమానం. పైగా తీగలు ఫ్రెట్లకి బాగా దగ్గరగా ఉంటాయి, నెక్ సన్నం. రాక్, బ్లూస్, మెటల్, సోలోలు వాయించాలన్నది మీ కోరికైతే అకౌస్టిక్ మీద ఏడాది గడపడం వల్ల ఒరిగేది తక్కువ.

కష్టం వేరేచోట ఉంది. ఆంప్‌లో గెయిన్ (శబ్దాన్ని గరుకుగా, పెద్దగా చేసే మీట) పెంచగానే మీరు వాయించని తీగలు కూడా మోగుతాయి. వేలు జరిపిన గీత శబ్దం, పొరపాటున తగిలిన తీగ, అన్నీ పెద్దవై బయటికొస్తాయి. కుడి అరచేతి అంచుని బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి, ఎడమచేతి ఖాళీ వేళ్లతో పక్క తీగల్ని తాకి మూయడం మొదటి నెల నుంచే నేర్చుకోవాలి. ఇది తెలియక "నా గిటార్ ఎందుకింత గోల చేస్తోంది" అని పికప్పులు మార్చేవాళ్లున్నారు.

ఎలక్ట్రిక్‌లో పికప్ అంటే తీగ కదలికని విద్యుత్తుగా మార్చే అయస్కాంతపు చుట్ట. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ శబ్దం స్పష్టంగా, గలగలా ఉంటుంది, కానీ ఇంటి కరెంటులోని 50 హెర్ట్జ్ గొంతుని కూడా పట్టేసి హమ్మంటుంది. రెండు చుట్టల హంబకర్ ఆ హమ్‌ని రద్దు చేస్తుంది, శబ్దం లావుగా ఉంటుంది. ఏ పాటలు వాయించాలో ఇంకా తేలని వాళ్లకి బ్రిడ్జి దగ్గర ఒక హంబకర్, మిగతా రెండు చోట్లా సింగిల్ కాయిల్స్ ఉన్న గిటార్ బాగుంటుంది. యమహా పసిఫికా 012 ఆ కోవలోదే. సింగిల్ కాయిల్ గిటార్ ఉన్నవాళ్లు ఫ్యాన్ రెగ్యులేటర్‌కి, కంప్యూటర్ మానిటర్‌కి దూరంగా జరిగి చూడండి, కూర్చున్న దిక్కు మార్చి చూడండి. గోల సగానికి తగ్గడం సాధారణమే.

హమ్ కంటే ముఖ్యమైనది ఎర్తింగ్. తీగలు పట్టుకోగానే హమ్ తగ్గితే అది మామూలే. తీగలు పట్టుకుని మైకుకి పెదవి తగలగానే చురుక్కుమంటే మాత్రం వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. పాత అద్దె ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ దాని వెనక ఎర్త్ వైరు ఉండదు. ఆంప్ ప్లగ్గులో మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్లో పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

బ్రిడ్జి ఎంచుకునేటప్పుడు స్ప్రింగుల మీద తేలే ఫ్లాయిడ్ రోజ్ తరహా లాకింగ్ బ్రిడ్జి వద్దు. ఒక్క తీగ శ్రుతి మారిస్తే మిగతా ఐదూ కదులుతాయి, తీగ మార్చడమే ఒక పూట పని. కదలని బ్రిడ్జి అన్నిటికంటే హాయి. ఫెండర్ కంపెనీ స్ట్రాట్ తరహా ట్రెమొలో (కడ్డీతో ఊపి స్వరాన్ని వంచే బ్రిడ్జి) ఉంటే వెనక మూత తీసి, స్ప్రింగులు పట్టుకునే కొక్కెం స్క్రూలు బిగించి, బ్రిడ్జి శరీరానికి ఆనుకునేలా చేయించండి, శ్రుతి బాగా నిలుస్తుంది. బరువు కూడా చూడండి. స్ట్రాట్ తరహాది మూడున్నర కిలోల చుట్టూ ఉంటుంది, గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ తరహాది నాలుగు దాటవచ్చు. నిలబడి గంట వాయిస్తే ఆ అరకిలో భుజానికి తెలుస్తుంది.

అపార్ట్‌మెంట్‌లోనో, హాస్టల్లోనో ఉండేవాళ్లకి ఎలక్ట్రిక్ వల్ల ఇంకో లాభం ఉంది. హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్న 10 లేదా 15 వాట్ల చిన్న ఆంప్ చాలు, రాత్రి పదకొండింటికి కూడా పక్కింటివాళ్లని లేపకుండా సాధన చేసుకోవచ్చు. ఆంప్‌కి ఫోన్ కలిపే సాకెట్ కూడా ఉంటే పాటతో పాటు వాయించుకోవచ్చు. శబ్దం తీరు మార్చే ఎఫెక్ట్ పెడళ్లు మొదటి ఏడాది కొనకండి.

కర్ణాటక సంగీతం వాయించాలనుకునేవాళ్లు కూడా ఎలక్ట్రిక్ వైపే చూడాలి. గమకం పలకాలంటే తీగని పక్కకి లాగి రెండు మూడు స్వరస్థానాలు ఎక్కించగలగాలి, లాగినంతసేపూ నాదం నిలవాలి. నైలాన్ తీగని ఎంత లాగినా స్వరం పెద్దగా ఎక్కదు, 12 గేజ్ స్టీల్ లాగితే వేలు తెగుతుంది. 9 గేజ్ ఎలక్ట్రిక్‌లో ఇది సాధ్యం. ఎలక్ట్రిక్ గిటార్ మీద కర్ణాటక కచేరీలు చేసే ఆర్. ప్రసన్న వాయిద్యం వింటే అర్థమవుతుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కచేరీలు చేసింది కూడా ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే.

బేస్ గిటార్ గురించి అడిగేవాళ్లూ ఉంటారు. నాలుగు తీగలు కాబట్టి తేలిక అనుకుని దిగకండి. తీగ పొడవు 34 అంగుళాలు, తీగలు లావు, చేతికి సాగతీత ఎక్కువ. పాట వింటుంటే మీ చెవి అడుగు స్వరాల వెంట, డ్రమ్స్ వెంట పోతుంటే అప్పుడు తీసుకోండి, నేరుగా దానితోనే మొదలుపెట్టొచ్చు. చిన్న చేతులకి 30 అంగుళాల షార్ట్ స్కేల్ దొరుకుతుంది. బేస్‌ని మామూలు గిటార్ ఆంప్‌లో పెట్టి శబ్దం పెంచితే స్పీకర్ కోన్ చినగవచ్చు, బేస్ ఆంప్ వేరే ఉండాలి.

పిల్లలు, ఎడమచేతివాళ్లు

ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి అర సైజు, ఎనిమిది నుంచి పదకొండు మధ్య ముప్పావు సైజు, నైలాన్ తీగలతో. ఆ తర్వాత ఎత్తుని బట్టి పెద్దది. "ఎలాగూ పెరుగుతాడు కదా" అని ముందే పెద్దది కొంటే చెయ్యి మొదటి ఫ్రెట్‌ని అందుకోలేక మణికట్టు మెలిపడుతుంది, ఆ అలవాటు తర్వాత వదలదు. ఐదారేళ్ల పిల్లలకి నాలుగు తీగల ఉకులెలె ఇంకా నయం.

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లకి రెండు దారులున్నాయి. ఇంకా ఏదీ అలవాటు కాకపోతే మామూలు కుడిచేతి గిటార్‌తోనే మొదలుపెట్టి చూడండి, ఎలాగూ రెండు చేతులకీ పని ఉంటుంది, షాపులో దొరికేవీ దాదాపు అన్నీ కుడిచేతివే. రెండు వారాలైనా స్ట్రమ్మింగ్‌లో లయ ఎడమచేత్తోనే సహజంగా వస్తుంటే అప్పుడు ఎడమచేతి గిటార్ తెప్పించుకోండి. కుడిచేతి గిటార్‌ని తిరగేసి తీగలు అటూ ఇటూ మార్చడం మాత్రం వద్దు. నట్ మీద తీగలు కూర్చునే గాడులు తీగ మందానికి సరిపోవు, బ్రిడ్జి మీద తీగలు ఆనే సాడిల్ అనే పట్టీ వాలు తప్పువైపు అవుతుంది, శ్రుతి ఏ ఫ్రెట్‌లోనూ కుదరదు.

షాపులో చూడాల్సినవి

ముందు గిటార్‌ని శ్రుతి చేయించండి, ఫోన్లో ట్యూనర్ యాప్ ఉంచుకోండి. శ్రుతిలో లేని గిటార్‌ని కొలిస్తే ఏ కొలతా నమ్మలేం.

స్కేలు అక్కర్లేదు, జేబులో ఏటీఎం కార్డులు చాలు. ఒక కార్డు మందం 0.76 మి.మీ. అంకెలు ఉబ్బెత్తుగా లేనివి తీసుకోండి. 12వ ఫ్రెట్ లోహపు కడ్డీ మీద కార్డులు పేర్చి, తీగ కింద దూర్చండి. స్టీల్ అకౌస్టిక్‌లో లావు తీగ కింద మూడు కార్డులు తీగని కదపకుండా పట్టాలి, అంటే 2.3 మి.మీ. నాలుగు సులువుగా దూరితే ఎత్తెక్కువ. సన్న తీగ కింద రెండు పట్టి కాస్త చోటు మిగిలితే సరి. ఎలక్ట్రిక్‌లో లావు తీగ కింద రెండు. క్లాసికల్‌లో కొలత వేరు, లావు తీగ కింద ఐదు, సన్న తీగ కింద నాలుగు దాకా మామూలే. నైలాన్ తీగ ఊగే వెడల్పు ఎక్కువ, ఇంకా దించితే ఫ్రెట్లకి తగిలి గరగరమంటుంది.

ఎత్తు ఎక్కువగా ఉంటే వెంటనే వద్దనకండి, దించే వీలుందేమో చూడండి. బ్రిడ్జి మీద తెల్లగా నిలబడి ఉండే సాడిల్‌ని అరగదీస్తే తీగలు దిగుతాయి. 12వ ఫ్రెట్ దగ్గర 1 మి.మీ. దిగాలంటే సాడిల్ 2 మి.మీ. అరగాలి. కాబట్టి తీగలు ఎత్తుగా ఉండి, సాడిల్ బ్రిడ్జి పైకి 2, 3 మి.మీ. మాత్రమే కనిపిస్తుంటే ఆ గిటార్‌కి ఇక దారి లేదు. తగ్గింపు ఎంతిచ్చినా వదిలేయండి.

తర్వాత నట్. ఒక్కో తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద తీగకి ఎంత సందుందో చూడండి. వెంట్రుక పట్టేంత ఉంటే బాగుంది. కళ్లకి స్పష్టంగా కనిపించేంత ఉంటే నట్ గాడి లోతు చాలలేదు. కొత్తవాళ్లు ఎఫ్ కోర్డు రావట్లేదని ఏడుస్తారే, ఎన్నోసార్లు అసలు దోషి ఇదే. గాడిని ఫైలుతో దించడం తెలిసినవాళ్లకి పావుగంట పని. మరీ దించేస్తే ఖాళీ తీగ జిర్రుమంటుంది, నట్ మార్చాల్సి వస్తుంది, కాబట్టి ఇంట్లో మీరే మొదలుపెట్టకండి.

నెక్ వంపు చూడ్డానికి లావు తీగని మొదటి ఫ్రెట్‌లోనూ, నెక్ శరీరాన్ని కలిసే చోటా ఒకేసారి నొక్కి పట్టుకోండి. ఇప్పుడు తీగే స్కేలు. మధ్యలో ఏడో ఫ్రెట్ దగ్గర విజిటింగ్ కార్డు మందమంత సందుండాలి. అసలు సందే లేకపోతే నెక్ వెనక్కి వంగింది, ఏటీఎం కార్డు దూరేంత ఉంటే ముందుకి వంగింది. ట్రస్ రాడ్ ఉంటే రెండూ సర్దుకునేవే.

ఆరు తీగల మీదా ప్రతి ఫ్రెట్ ఒక్కోసారి నొక్కి మీటండి. ఐదు నిమిషాలు పడుతుంది, షాపువాళ్లు విసుక్కున్నా కానివ్వండి. ఒకే ఫ్రెట్ దగ్గర జిర్రుమంటే దాని పక్క ఫ్రెట్ ఎత్తుగా ఉందని అర్థం. తర్వాత 12వ ఫ్రెట్ మీద తీగని తాకీ తాకనట్టు మీటి వచ్చే స్వరం, నొక్కి మీటితే వచ్చే స్వరం ట్యూనర్‌లో పోల్చండి. ఐదారు సెంట్ల (ఒక స్వరస్థానంలో నూరో వంతు ఒక సెంటు) తేడా దాటితే పై ఫ్రెట్లలో కోర్డులు అపశ్రుతిగా ఉంటాయి. ఎలక్ట్రిక్‌లో బ్రిడ్జి స్క్రూలతో సరిచేయొచ్చు, అకౌస్టిక్‌లో అంత తేలిక కాదు.

సెకండ్‌హ్యాండ్ అయితే ఇంకో రెండు చూడాలి. బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం దూర్చి చూడండి, లోపలికి పోతే బ్రిడ్జి ఊడుతోంది. తలభాగం వెనక నెక్ సన్నబడే చోట వేలితో తడిమి చూడండి, అతికించిన పగుళ్లు ఉండేది అక్కడే. ఈ రెండూ లేకుండా, మొదటి మూడు ఫ్రెట్లు లోతుగా అరిగిపోకుండా ఉన్న పాత యమహా గిటార్ అయిదారు వేలకి దొరికితే, అదే ధరకి వచ్చే కొత్త గిటార్ కంటే మేలు.

డబ్బు లెక్క

స్టీల్ అకౌస్టిక్‌కి సుమారు ఎనిమిది నుంచి పన్నెండు వేలు పెట్టగలిగితే మూడు నాలుగేళ్లు మార్చనక్కర్లేని గిటార్ వస్తుంది. క్లాసికల్‌కి కూడా అంతే, యమహా సీ40 ఈ కోవలో చాలాకాలంగా టీచర్లు చెప్పే పేరు. ఎలక్ట్రిక్‌కి ఆంప్, కేబుల్ కలిపి ఇరవై, పాతిక వేలు అనుకోండి. గిటార్‌కే మొత్తం ఖర్చుపెట్టి ఆంప్ తర్వాత చూద్దాం అనుకుంటే ఆ "తర్వాత" వచ్చేలోపు ఆసక్తి పోతుంది. ఏది కొన్నా వెయ్యి రూపాయలు సెటప్ కోసం పక్కన పెట్టండి. అదనంగా కావాల్సింది కాపో, 0.6 నుంచి 0.73 మి.మీ. మధ్య మందమున్న నాలుగు పిక్కులు, అంతే.

పైపలక ఒకే చెక్క అయితే సాలిడ్ టాప్, పొరలు అంటించినదైతే లామినేట్. సాలిడ్ టాప్ నాదం బాగుంటుంది, వాయించేకొద్దీ ఇంకా విచ్చుకుంటుంది. కానీ వాతావరణానికి ఎక్కువ లొంగుతుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, తీగలు ఎత్తెక్కుతాయి. రాయలసీమలో, తెలంగాణలో ఏప్రిల్, మే నెలల్లో చెక్క ఎండి కుంచించుకుంటుంది, ఫ్రెట్ల కొసలు నెక్ అంచు దాటి బయటికొచ్చి చేతికి గీసుకుంటాయి. గిటార్ దాచే చోట తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. అంత పట్టించుకునే ఓపిక లేనివాళ్లు మొదటి గిటార్‌గా లామినేట్ తీసుకుంటే నష్టమేమీ లేదు. ఎండలో ఆపిన కారులో మాత్రం ఏ గిటార్‌నీ వదలకండి, బ్రిడ్జి కింది జిగురు మెత్తబడుతుంది.

స్టీల్ తీగలు రోజూ వాయించేవాళ్లకి రెండు మూడు నెలలు వస్తాయి. కోస్తాలో చెమటకి, ఉప్పుగాలికి ఇంకా ముందే తుప్పు పడతాయి, అక్కడివాళ్లకి పైపూత ఉన్న కోటెడ్ తీగలు ధర ఎక్కువైనా గిట్టుబాటే. వాయించాక పొడిబట్టతో తీగల అడుగుభాగం కూడా తుడవండి. కొత్త సెట్ వేశాక శ్రుతి దిగుతుంటే ఒక్కో తీగని 12వ ఫ్రెట్ దగ్గర పట్టుకుని మెల్లగా పైకి లాగి వదిలి, మళ్లీ శ్రుతి చేయండి. స్టీల్ తీగలైతే నాలుగైదు సార్లు ఇలా చేశాక నిలబడతాయి.